సెల్లారులో సున్నాలు

బస్వరాజ్ చేతికి కళ్ళున్నాయని ట్రాక్టర్ ఫ్యాక్టరీలో అందరూ అనేవాళ్ళు. జహీరాబాద్‌లో ఆ ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి పోయినప్పుడు ఆయనకు ఇరవై ఏడేళ్ళు, బయటికి వచ్చినప్పుడు యాభై ఎనిమిది. అందులో ఇరవై రెండేళ్ళు పెయింట్ షాపులో ఆయన చేసిన పని ఒక్కటే. రంగు పడి, ఆరి, ముందుకు వచ్చిన బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిమరడం. వెంట్రుక రాలకుండా తలకు టోపీ, చేతికి పల్చటి నూలు గ్లవ్ వేసుకుని, కళ్ళు సగం మూసి నిమిరేవాడు. మనబోటి వాళ్ళకు నున్నగా మెరిసిపోతూ కనిపించే రేకు మీద ఆవగింజంత పొక్కు ఉన్నా సరే, ఆ చెయ్యి అక్కడ ఆగిపోయేది. ఆగిన చోట పసుపు రంగు మైనపు పెన్సిల్‌తో చిన్న సున్న చుట్టి పక్కకు తప్పుకునేవాడు. ఆ తర్వాత సంగతి పాలిష్ చేసేవాళ్ళు చూసుకునేవాళ్ళు.

ఆ సున్న చుట్టడం నేర్పింది జగదీశ్ అనే సీనియర్. కింద మొదలుపెట్టి, కుడి పక్క నుంచి పైకి తీసుకుపోయి, మళ్ళీ కలిసే చోట కొసను కొంచెం లోపలికి తిప్పడం ఆయన అలవాటు. ఏళ్ళ తరబడి పక్కన నిలబడి పనిచేసినందుకు బస్వరాజ్‌కూ అదే అబ్బింది. ఇద్దరి సున్నాలు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో షాపులో ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. పాపం, జగదీశ్ పోయి మూడేళ్ళయింది.

రిటైరై ఇంటికొచ్చినా బస్వరాజ్ చెయ్యి ఊరుకునేది కాదు. చుట్టాల గృహప్రవేశానికి పోతే కొత్త బీరువాను నిమిరి, "దీనికి రెండుసార్లు రంగేసిన్రు" అని అందరి ముందరే అనేశాడు. దారి పొడుగునా భార్య తారాబాయి చేత తిట్లు తిన్నాడు. తిట్లు తినడం ఆయనకు కొత్త కాదు, మానుకోవడమే చేతకాదు.

వాళ్ళది బైపాస్ పక్కన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. కింద సెల్లారులో ఇరవై బండ్ల పార్కింగ్. ఆ సెల్లారు మెట్ల పక్కనే ఒక చిన్న గది, అందులో వాచ్‌మన్ పని చేసే నారమ్మ. మొగుడు చచ్చిపోయి, ఝరాసంగం పక్క పల్లెలో కూలికి పోతున్న మనిషిని రెండేళ్ళ కింద బస్వరాజే పిలిపించి ఈ పనిలో పెట్టించాడు. మనవరాలు రోజా ఆమెతోనే ఉండి ఇక్కడి బడిలో ఎనిమిదో తరగతి చదువుతోంది. నారమ్మ మోటరు వేస్తుంది, మెట్లు ఊడుస్తుంది, పొద్దున్నే అందరి కార్లూ తుడుస్తుంది. ఆదివారం మాత్రం షేరింగ్ ఆటో ఎక్కి ఊరికి పోయి చీకటి పడేలోపు తిరిగొస్తుంది.

వానలు వెనకపట్టిన రోజుల్లో మొదటి సున్న కనిపించింది. రెండో అంతస్తు ప్రణయ్ తెల్ల కారు డోరు మీద రూపాయి బిళ్ళంత గుండ్రటి గీత. రంగు లేచిపోయి రేకు కనపడేంత లోతు. పిల్లలెవరో ఆడుకుంటూ గీసి ఉంటారని అనుకున్నారు. వారం తిరక్కుండా ఇంకో కారు మీద పడింది. ఆపైన మరో రెండింటి మీద. దసరా నాటికి ఏడు కార్లు, పదకొండు సున్నాలు. అద్దాలు పగలగొట్టడం లేదు, టైర్ల గాలి తీయడం లేదు. ఒట్టి సున్నాలు. అదే జనాన్ని ఎక్కువ భయపెట్టింది. ఒకావిడ నిమ్మకాయలు కట్టింది, ఇంకొకాయన కారును తీసుకుపోయి రోడ్డు మీద పెట్టుకున్నాడు. గేటు దగ్గరి కెమెరాలో బయటివాళ్ళెవరూ లోపలికి వచ్చినట్టు లేదు. సెల్లారు కెమెరా వైరును ఎలుకలు కొరికి ఏడాదైంది, దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు.

అసోసియేషన్ ప్రెసిడెంట్ అమర్నాథ్, మార్కెట్లో అల్లం వ్యాపారి. ఆయన నేరుగా మూడో అంతస్తుకు వచ్చాడు.

"బస్వరాజన్నా, రంగు సంగతి నీకున్నంత ఎరుక ఇంకెవలికుంది? జర చూసి చెప్పు. ఎవలి పనో తేలాలె."

అంతమాట అంటే బస్వరాజ్ ఆగుతాడా. రెండేళ్ళుగా ఎవరూ తనను ఏదీ చూసి చెప్పమని అడగలేదు. టార్చి, భూతద్దం పట్టుకుని మూడు రోజులు సెల్లారులో తిరిగాడు. నాలుగో రోజు ఆదివారం, పొద్దున అందరూ సెల్లారులోనే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆయన లేచి నిలబడి, ఫ్యాక్టరీలో రిపోర్టు చదివినట్టు చెప్పాడు.

"ఇది కోపంతోని గీసింది కాదు. కోపముంటే చెయ్యి వణుకుతది, గీత లోతు ఒక్క తీరుగ ఉండదు. ఇది నిమ్మళంగ, వెలుతుర్ల చూసుకుంట, పగటిపూట గీసిన గీత. రోజూ బండ్ల మీద చెయ్యివెట్టే మనిషి పని. ఇంకోటి సూడున్రి, తారీఖులన్ని రాసిన. ఆదివారం నాడు ఒక్క సున్న గూడ పడలె."

చెప్పి, మెచ్చుకుంటారేమోనని చూశాడు. ఎవరూ ఆయన వైపు చూడటం లేదు. అందరి తలలూ మెట్ల పక్కకు తిరిగాయి. మీటింగు ఉందని ఆ పూట ఊరికి పోకుండా ఆపిన నారమ్మ, తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని అక్కడ నిలబడి ఉంది. రోజూ బండ్ల మీద చెయ్యి పెట్టేది ఆమె. ఆదివారం ఇక్కడ ఉండనిది ఆమె.

"నేను నారమ్మ అనలె," అన్నాడు గబగబా.

"నువ్వు అనకున్నా తేలింది కదన్నా," అన్నాడు అమర్నాథ్. "వచ్చే ఆదివారం దాక టైమిస్తున్నం. ఒప్పుకుంటే మంచిది, లేకుంటే రూమ్ ఖాళీ చెయ్యాలె."

నారమ్మ అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. బస్వరాజ్ దగ్గరికి వచ్చి, చాలాసేపు మొహంలోకి చూసింది. "మీరే తోలుకొచ్చిన్రు సారు. మీరే ఎల్లగొడ్తున్రా? పిల్ల బడి నడిమిట్ల ఆగమైతది," అని మాత్రం అని, గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

ఆ రాత్రి ఆయనకు అన్నం సహించలేదు. తన నోటితోనే ఒక ఆడమనిషి నీడ తీసేశాడు. ఎలాగైనా అసలు మనిషిని పట్టుకుని తీరాలి, అదీ ఆదివారం లోపల.

సోమవారం పొద్దున మళ్ళీ సెల్లారులోకి దిగాడు. ఈసారి భూతద్దం పక్కన పెట్టి, కళ్ళు సగం మూసి, ప్రణయ్ కారు డోరు మీద అరచెయ్యి ఆనించాడు. సున్న మధ్యకు రాగానే చెయ్యి ఆగింది. లోపల లప్పం ఉంది. ఎప్పుడో సొట్ట పడితే పూడ్చి, పైన రంగు కొట్టి దాచారు. రెండో కారు దగ్గరికి పోయాడు. సున్న లోపల రంగు కారి గట్టిపడిన చుక్క. మూడో దాని మీద వెంట్రుకంత పగులు. పదకొండు సున్నాలూ చూశాడు. పదకొండింటి లోపలా ఒక లోపం ఉంది. కళ్ళతో చూస్తే ఎవరికీ దొరకని లోపాలు అవి.

ఇది బండ్లు పాడుచేసే పని కాదు. తనిఖీ. ఎవరో ఈ సెల్లారులో వరసగా బండ్లు తనిఖీ చేస్తూ పోతున్నారు.

అప్పుడు టార్చి దగ్గరగా పెట్టి గీతను చూశాడు. కింద మొదలై, కుడి పక్క నుంచి పైకి పోయి, కలిసే చోట కొస లోపలికి తిరిగి ఉంది. "జగదీశన్నా," అన్నాడు, ఎవరూ లేని సెల్లారులో, పైకే. ఆ మాట స్తంభాలకు తగిలి మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చింది. ఆ చేతిరాత తనదీ అవుతుందనే ఆలోచన ఆయనకు రాలేదు. మనిషికి తన మీద తనకు అనుమానం ఎక్కడ వస్తుంది.

ఇంట్లో చెప్పలేదు. చెబితే తారాబాయి నవ్వుతుంది, నవ్వకపోతే ఇంకా కష్టం. గురువారం మధ్యాహ్నం అన్నం తిని, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పట్టుకుని సెల్లారుకు దిగాడు. వచ్చేది మనిషైతే పట్టుకోవాలి, జగదీశే అయితే దండం పెట్టి, పేదరాలి పొట్ట కొట్టొద్దని అడుక్కోవాలి. నిజంగానే అలా అనుకున్నాడు. ఒంటిగంటన్నర అయింది. ఎదురుగా ఎర్ర కారు, దాని మీద అంతవరకు ఒక్క మచ్చ కూడా లేదు. హైవే మీద లారీలు పోతుంటే ఆ అదురు స్తంభాల్లోంచి దిగి కుర్చీ కాళ్ళకు తెలుస్తోంది. మెట్ల పక్కన నారమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆయన వైపు చూసింది, పలకరించలేదు.

తర్వాత గడియారం చూసుకుంటే నాలుగూ పది.

కునుకు పట్టలేదు. ఒట్టేసి చెప్పగలడు. కుర్చీలోనే ఉన్నాడు, వీపు నిటారుగానే ఉంది. పక్కన చీమ చిటుక్కుమన్న గుర్తు కూడా లేదు. కానీ ఎదురుగా ఎర్ర కారు బానెట్ మీద సున్న ఉంది. వేలితో తాకితే అంచున లేచిన రంగు పొడి వేలికి అంటుకుంది. అప్పుడే గీసింది. నారమ్మ గుమ్మంలో లేదు, చేట మాత్రం అక్కడే ఉంది, బియ్యం సగం నేల మీద పోయి ఉన్నాయి.

ఆయన మెట్లెక్కి ఇంటికి ఎలా చేరాడో ఆయనకే తెలియదు. శుక్రవారం మంచం దిగలేదు. జ్వరమని తారాబాయి మిరియాల కషాయం పెట్టి ఇచ్చింది. కళ్ళు మూసుకుంటే ఫ్యాక్టరీ కనిపిస్తోంది, లైను కదులుతోంది, ఒకదాని వెనక ఒకటి బానెట్లు వస్తున్నాయి.

శనివారం పొద్దున దిగాడు. నారమ్మ గదిలో సామాను మూట కడుతోంది. రోజా బడికి పోయింది. బస్వరాజ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"నారమ్మా, మొన్న నువ్వు ఈడ్నే కూసున్నవు. ఎవలు గీసిన్రో సూసినవా?"

"సూసిన సారు."

"ఎవలు?"

నారమ్మ మూట ముడి వేసి, మళ్ళీ విప్పింది. "మీకు ఎరుకే అనుకున్న సారు ఇన్ని దినాలు. ఎరుకై గూడ కావాల్నని నా మీద పెడ్తున్రనుకున్న. పోయిన ఆదివారం అందుకే మీ మొకంలకు గట్ల సూసిన. మొన్న దగ్గరికొచ్చి పలకరిస్తే, 'టోపీ ఏది, టోపీ లేకుండ లోపటికి ఎట్లొచ్చినవ్' అని కసిరిన్రు. మీ కండ్లు నన్ను సూస్తలేవు. అప్పుడు సమజైంది. ఇగ ఎవలకు చెప్ప బుద్ధి కాలె."

బస్వరాజ్‌కు ఆ మాటలు చెవిన పడ్డాయి గానీ లోపలికి దిగడానికి చాలాసేపు పట్టింది. నారమ్మ చూపు ఆయన చొక్కా జేబు మీద ఉంది. ఆయన చెయ్యి పెట్టి తాళాల గుత్తి బయటికి తీశాడు. ఇంటి తాళం, బీరువా తాళం, స్కూటర్ తాళం. వాటి మధ్య పొట్టి ఇనుప తాళంచెవి ఒకటి. ఫ్యాక్టరీ లాకరుది. రేకుకు ఇనుము తగిలితే గీత పడుతుందని ఉంగరాలు, గడియారాలు, తాళాలు అన్నీ ఆ లాకర్లో పెట్టిగానీ షాపులోకి పోనిచ్చేవాళ్ళు కాదు. తాళంచెవి జేబులో మరిచిపోయి వచ్చిన కుర్రాళ్ళను ఆయనే నానా మాటలు అనేవాడు. ఇప్పుడు దాని పళ్ళ సందుల్లో తెలుపు, వెండి రంగు, అన్నింటికంటే పైన ఎరుపు పట్టి ఉన్నాయి.

పైకి వచ్చి తారాబాయిని ఒక్కటే అడిగాడు. "నేను మధ్యాహ్నం పండుకుంటున్ననా?"

ఆమె బెండకాయలు తరగడం ఆపింది. తల ఎత్తలేదు. "రెండింటికి లేస్తరు. బూట్లు ఏసుకుంటరు. డబ్బా కట్టియ్యమంటరు. ఆదివారమొక్కటే సెలవంటరు. మొదటిరోజు నవ్వులాటకు అంటున్రనుకున్న."

"కట్టిస్తున్నవా?"

"కట్టియ్యకుంటే కోపానికొస్తరు. నాలుగింటికి మళ్ళొస్తరు, డబ్బా ఖాళీగ ఉంటది. మెట్ల మీద కూసొని తింటున్రనుకున్న. గీతల సంగతి నాకు తెల్వదు, దేవుని మీద ఆన. నోరు తెరిచి అంటే నిజమైతదని భయమైంది." ఆమె కత్తిపీట పక్కకు జరిపింది. "మామిడిపండ్ల దినాల కాడికెళ్ళి గిట్లనే నడుస్తుంది."

ఆరు నెలలు. ఆ మధ్యాహ్నాల్లో తను ఎక్కడున్నాడో, ఎవరితో మాట్లాడాడో, ఏం తిన్నాడో ఒక్క ముక్క గుర్తు లేదు. దయ్యం సంగతైతే కనీసం బయట ఉంటుంది, తలుపు వేసుకోవచ్చు. ఇది ఎక్కడికి పోయినా తన చెప్పుల్లోనే నడిచి వస్తుంది. బస్వరాజ్ ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, సిగ్గు లేకుండా ఏడ్చాడు. ఆ తర్వాత మొహం కడుక్కుని, సోమవారమే హైదరాబాద్ దవాఖానకు పోదామని తారాబాయికి మాటిచ్చాడు. కానీ ముందు ఆదివారం ఉంది. నారమ్మ పని పోకూడదు. తెలివి ఉన్నంతలో చెయ్యగలిగింది అదొక్కటి చేసెయ్యాలి.

ఆదివారం పది గంటలకు సెల్లారులో మళ్ళీ కుర్చీలు పడ్డాయి. నారమ్మ మూటలు గుమ్మంలో ఉన్నాయి. రోజా వాటి మీద కూర్చుని ఉంది. అమర్నాథ్ గొంతు సవరించుకునేలోపే బస్వరాజ్ లేచాడు.

"నారమ్మ కాదు. నేనే గీసిన."

అందరూ నవ్వారు. నవ్వులో చెడు లేదు, అదే ఆయన ప్రాణానికొచ్చింది.

"అన్నకు జాలి ఎక్కువ," అన్నాడు అమర్నాథ్. "తోలుకొచ్చిన మనిషి గదా, నెత్తినేసుకుంటున్నడు. కూసో అన్నా."

తాళంచెవి చూపించాడు. ఆ తాళం ఎవరైనా తీసుకుని ఉండొచ్చన్నాడు ప్రణయ్. మధ్యాహ్నాల సంగతి చెప్పబోతే, వయసు మీద పడితే ఎవరికైనా మతిమరుపు ఉంటుందని ఒకావిడ సర్దిచెప్పింది. తప్పు చెప్పిన రోజు మారుమాట లేకుండా నమ్మినవాళ్ళు, నిజం చెబితే ఒక్కళ్ళూ నమ్మడం లేదు. వెనక తారాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"సేటూ, నీ బండి మీద సున్న లేదు గదా," అన్నాడు బస్వరాజ్.

"లేదు. రెండు నెల్ల కింద కొత్తది కొన్న. పొద్దంత దుకానం కాడనే ఉంటది."

"సూడు మరి. ఏడ లోపమున్నదో వేలు పెట్టి చూపిస్త. గది చూసినంక, ఆ సున్నాలు గీసే చెయ్యి ఈ ఊర్ల ఇంకొకలికి ఉన్నదేమో నువ్వే చెప్పు."

అందరూ చుట్టూ చేరారు. బస్వరాజ్ కళ్ళు సగం మూసి అమర్నాథ్ కారు బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. మెల్లగా నిమురుతూ పక్కకు జరిగాడు. వేలితో చూపించాలి, అంతే, వేలితో మాత్రమే, అని మనసులో గట్టిగా అనుకున్నాడు. పైన ఎవరో మోటరు వేశారు. ఆ మోత సెల్లారంతా నిండింది. హైవే మీద బరువు లారీ ఏదో పోయింది, కాళ్ళ కింద నేల అదిరింది.

కంప్రెసర్ నడుస్తోంది. లైను కదిలింది. ఈ పూట రేకులు బాగానే వస్తున్నాయి, రంగు సమంగా పడింది. ఎడమ డోరు, కింది అంచు. చెయ్యి ఆగింది. పొరపాటు లేదు, లోపల లప్పం. ఎవడో దెబ్బ తగిలిన దాన్ని పూడ్చి కొత్తదని పంపిస్తున్నాడు. కింద మొదలుపెట్టి, కుడి పక్క నుంచి పైకి తీసుకుపోయి, కొస లోపలికి తిప్పాడు. ఈ పెన్సిల్ ఎందుకో గరగరమంటోంది.

"ఈ డోరు వెనక్కి పంపున్రి," అన్నాడు. "లప్పం పెట్టి రంగు కప్పిన్రు. గిట్లాంటిది నా ముంగటికెళ్ళి పోదు."

ఎదురుగా ఒకాయన నోరు తెరిచి డోరును చూస్తున్నాడు, కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ కాబోలు. ఇంతమంది ఒక్కచోట నిలబడితే పని ఎప్పటికి తెములుతుంది. ఇంకా చాలా బండ్లున్నాయి. తరువాతి దాని వైపు తిరగబోతే ఎవరో చెయ్యి పట్టుకున్నారు. ముదురు వయసు ఆడమనిషి, పల్లెటూరి కట్టు. చెయ్యి గరుగ్గా ఉంది. ఆమె ఏడుస్తోంది.

"డ్యూటీ అయిపోయింది సారు. పైకి పోదాం పాండ్రి," అంది.

బస్వరాజ్‌కు జాలేసింది. ఆడకూతురు ఇంత దూరం లోపలికి వచ్చి ఏడుస్తోందంటే ఎంత కష్టమొచ్చిందో.

"ఎవరమ్మా నువ్వు? ఎందుకేడుస్తున్నవ్? పనిలకెళ్ళి తీసేసిన్రా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఏమనుకుందో, నిలువుగా ఊపింది.

"ఫికర్ చెయ్యకు. నేను సార్‌తోని మాట్లాడ్త, నా మాట తీసెయ్యరు. నీ పేరేంది?"

"నారమ్మ," అంది ఆమె.

"యాది పెట్టుకుంట," అన్నాడు బస్వరాజ్.